ఎంగిలి వేలు

అత్‌బాషి ఆసుపత్రిలో నా గదికి ఒక్కటే కిటికీ.
దాని కింద అరలో సుద్దతో పోసిన దవడలు,
ఈ లోయ పిల్లలవి, అడుగున పెన్సిలుతో పేర్లు.
పెరిగి పెద్దయ్యాక నన్ను మరిచిపోతారు,
బజార్లో ఎదురుపడితే తల తిప్పుకుంటారు.
వాళ్ళ ముఖాలు నాకూ గుర్తుండవు.
పళ్ళు గుర్తుంటాయి.

మూడో వరసలో అక్‌మరల్.
ఐదేళ్ళ తొమ్మిది నెలలు.
వెనక పళ్ళు బుద్ధిగా కలుస్తాయి,
ముందు మాత్రం కిందికీ పైకీ నడుమ
ఒక చిన్న తలుపు తెరిచే ఉంటుంది,
గుండ్రంగా, సరిగ్గా తన కుడి బొటనవేలంత.
ఏ వడ్రంగీ అంత నిక్కచ్చిగా కొలవలేడు.

లగ్మాన్ పోగుల్ని ముందుపళ్ళతో తెంపలేదు,
మెడ వంచి పక్కపళ్ళతో పిల్లిలా కొరుకుతుంది.
మా భాషలో పాలు అంటే సూత్.
సూత్ అనమంటే
నాలుక ఆ తలుపులోంచి తొంగిచూసి
తూత్ అంటుంది.

నోట్లో వేలు పెడితే కొరకలేదని
మంచి పిల్లల్ని మెచ్చుకుంటాం కదా,
ఈ పిల్ల విషయంలో అది
నేను చీటీ మీద రాసిన రోగం పేరు.

"మా రోజుల్లో," అంది నాయనమ్మ బుబూసారా,
"గొర్రె తోక కొవ్వు వేలెడు ముక్క కోసి
దారం కట్టి చంటిదాని నోట్లో పెట్టేవాళ్ళం.
రాత్రంతా చప్పరించి ఊరుకునేది.
ఎవరి పళ్ళు వంకరపోయాయమ్మా?"
నవ్వింది. రెండు బంగారు పళ్ళు,
మిగతాదంతా చీకటి.
నేను చేతులు కడుక్కోడానికి లేచాను.

అప్పటికే అన్నీ చేశారు.
మాచిపత్రి నూరి పూశారు, చేదు నాకేసింది.
ఊలు తొడుగు అల్లారు, తొడుగుతో సహా చప్పరించింది.
బాబాయి అరిచాడు,
గుర్రమెక్కే పిల్లవి, సిగ్గులేదా అని.
నిజమే, ఎక్కుతుంది.
ఒక చేత్తో పగ్గం, రెండోది నోట్లో.

"ఎప్పుడు పెట్టుకుంటావు?" అన్నాను.
ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదట.
"కరెంటు పోయినప్పుడు.
ఇంకా...
కుక్కలు మొరగడం మానేసినప్పుడు."
మొరిగినప్పుడు కాదు. మానేసినప్పుడు.
నా సొరుగులో అంగిలికి బిగించే తీగ కంచె ఉంది,
వేలు లోపలికి రాకుండా.
సొరుగు మూసేశాను.
ఏప్రిల్లో రమ్మన్నాను.

రాలేదు. మందలు ఈనే కాలం,
అప్పుడు పంటినొప్పి వచ్చినా ఎవరూ రారు.

మే చివర్లో వచ్చింది,
గదంతా ఉన్ని వాసన, పుల్లటి పాల వాసన.
వేలు చూపించమన్నాను.
ఎప్పుడూ నాని తెల్లగా పాలిపోయి
కణుపు మీద కాయ కాసి ఉండే వేలు,
ఇప్పుడు నల్లగా, గోట్లో మట్టితో,
అందరి వేళ్ళలాగే.

ఈనీ ఈనగానే తల్లి చచ్చిపోయిన పిల్ల ఒకటుందట,
సీసా పీక పట్టడం రాదట దానికి.
"వేలు పాలల్లో ముంచి ఇస్తే పట్టింది.
రోజుకి ఆరుసార్లు. రాత్రి కూడా."
"మరి నీకు?"
నా తెలివితక్కువకి విసుక్కుంది.
"ఛీ. అది దాని ఎంగిలి కదా."

ముప్ఫై ఏళ్ళ చదువులో
ఈ మందు పేరు నాకెవరూ చెప్పలేదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.
"దాని పళ్ళు కూడా వంకరపోతాయా?"
ఎప్పట్నుంచి మోస్తోందో ఆ దిగులు.
గొర్రెలకి పైన ముందుపళ్ళే ఉండవన్నాను,
అక్కడ ఉత్త చిగురు, చెప్పు అట్టంత గట్టిది,
వేలు ఏమీ చెయ్యలేదు.
కాసేపు నమ్మలేదు.
తర్వాత గట్టిగా ఊపిరి వదిలింది.

"సూత్ అను."
"తూత్."

తలుపు ఇంకా మూసుకోలేదు.
కానీ దాన్నిప్పుడు ఎవరూ తోయడం లేదు.
కొత్త పళ్ళు వచ్చేదాకా ఆగుదాం అని రాసుకుని
కిటికీ దగ్గరికెళ్ళాను.
గుర్రం అప్పటికే వంతెన దాటుతోంది,
పగ్గాల మీద రెండు చేతులు.